మెర్సీ సిస్టర్ సాక్ష్యం

కట్టు విప్పగానే నర్సు మెర్సీకి వాసన తగిలింది. పదిరోజుల కిందట చిన్న పుండు మాత్రమే ఉన్న నాగరత్నం గారి కాలి బొటనవేలు ఇప్పుడు నల్లబడిపోయింది. షుగర్ చూస్తే నాలుగొందల ఎనభై.

"ఇన్సులిన్ వేసుకుంటున్నారాండీ?"

"మానేశాను తల్లీ," అంది కొవ్వూరులో కిరాణా కొట్టు నడిపే ఆ పెద్దావిడ, సంతోషంగా.

"ఎవరు మానెయ్యమన్నారు? వేలు తీసెయ్యాల్సొస్తుంది, తెలుసా?"

"కోప్పడకమ్మా. కిందటిసారి కట్టు కడుతూ నా తల మీద చెయ్యేసి ప్రార్థన చేశావు కదా. నీకూ పదేళ్లుగా షుగరేననీ, ఆ ప్రభువే నిలబెట్టాడనీ చెప్పావు. గుళ్లకి తిరిగేదాన్నైనా నీ మాట నమ్మాను. ఇంటికెళ్లి సూదులన్నీ పారేశాను."

దేవుడు తనకి చేసిన మేలు గురించి మెర్సీ ఏటా చర్చిలో నిలబడి చెప్పే సాక్ష్యమే అది. విన్నవాళ్లంతా ఆమేన్ అనేవారు.

"ఇంకోసారి ప్రార్థన చెయ్యమ్మా, వేలు నిలబడుతుంది," అంటూ నాగరత్నం కళ్లు మూసుకుంది.

మెర్సీ చెయ్యి ఆమె తల దాకా వెళ్లి ఆగిపోయింది. ఆ పొద్దున కూడా డ్యూటీకి బయల్దేరే ముందు మెర్సీ తన పొట్టకి ఇన్సులిన్ పొడుచుకునే వచ్చింది. ఏ సాక్ష్యంలోనూ ఆ ముక్క చెప్పలేదు.