పిట్టగోడ మీద సుద్దగీత

"ఆ కుర్చీలోంచి లేవకండి. నిన్న కూడా సరిగ్గా ఇలాగే కూర్చున్నారా?" అన్నాడు కంపెనీ మనిషి.

"రోజూ ఇలాగే కూర్చుంటాను. నా డాబా, నా కుర్చీ. మీరొచ్చారని లేచే పనేముంది?" అంది టీచరు.

పొద్దు అప్పుడే వాలింది. మెట్ల దగ్గర నిలబడ్డ తమ్ముడు గొంతు తగ్గించి, "కాస్త మెల్లగా మాట్లాడవే అక్కా," అన్నాడు.

ఆవిడ బళ్లో జాగ్రఫీ చెప్పి రిటైరైంది. వీధిలో అందరూ చుక్కల టీచరంటారు. సైన్యం కోసం ఒక ప్రైవేటు కంపెనీ ఉపగ్రహాలు కట్టి పైకి పంపుతోంది. ఖర్చు జనానిది, గుట్టు కంపెనీది. ఆ గుట్టు మీద ఒక కన్నేసి ఉంచమని ప్రజల తరఫున ఒక సంఘాన్ని వేశారు. పైనున్నవన్నీ మీకు చెప్పినవే, అంతకుమించి ఒక్కటి కూడా లేదని కంపెనీ ఆ సంఘం ముందు ప్రమాణం చేసింది. ఇంకొకటుంది, సాయంత్రం పూట మా డాబా మీంచే పోతుంది అని టీచరు అక్కడికెళ్లి చెప్పింది. సంఘంలో పెద్దలు నవ్వారు. వారం తిరక్కుండా పోలీసులొచ్చి ఆవిడ టెలిస్కోపు పట్టుకుపోయారు. ఫిర్యాదు కంపెనీదే. లేనిదాన్ని చూడడం నేరమెలా అయిందని అడిగినవాడు ఒక్కడూ లేడు.

ఆవిడ మానలేదు. కుర్చీ కాళ్లు జరక్కుండా నేల మీద గుర్తులు పెట్టుకుంది. ఎదురింటి నీళ్ల ట్యాంకు అంచున ఆ ఉపగ్రహం చుక్కలా తేలగానే దానికి సూటిగా పిట్టగోడ మీద గీత గీసేది. కళ్లజోడు, సుద్దముక్క, మొండితనం. అదే ఆవిడ సరంజామా. అలాంటి మొండిమనిషి వీధికొకరుంటే ఏ కంపెనీ గుట్టూ పట్టుమని పదిరోజులు దాగదు. ఉండరు. అందరికీ ఇంట్లో పనులుంటాయి.

సోమవారం సంఘం మళ్లీ కూర్చుంటుంది. ఆవిడ మాట నిలబడుతుందో, పిచ్చిదన్న పేరే మిగులుతుందో ఆ రోజు తేలాలి. సరిగ్గా ఇప్పుడే ఈ మనిషి దిగాడు. వెంట పోలీసులు లేరు. గడ్డం మాసి ఉంది, కళ్లు గుంటలు పడ్డాయి. వంగి వంగి సుద్దగీతలన్నిటికీ ఫొటోలు తీస్తున్నాడు.

"కేసు పెడతారే అక్కా, అందుకే ఈ ఫొటోలు," అన్నాడు తమ్ముడు.

"పెట్టనీ. తీరిగ్గా ఫొటోలు తీసుకుని, ఆనక గీతలు చెరిపేసి పోతారు కాబోలు."

"అయ్యో, చెరపడమేంటమ్మా. వాన పడితే మీరే ఏదన్నా కప్పండి," అన్నాడు కంపెనీ మనిషి. ఇంతలో ఆయన ఫోను మోగింది. "ఇంకా లేదు సార్. అడుగుతున్నా," అని పెట్టేశాడు.

టీచరు నవ్వింది. "నేను ఒప్పుకున్నానా అని అడుగుతున్నారా మీవాళ్లు?"

ఆయన చివరి గీత దగ్గర వంగాడు. "ఈ గీతొక్కటీ పక్కకుందేం?" అన్నాడు.

"నిన్నటిది. అలవాటైన చోట రాలేదు. జానెడు ఎడంగా వచ్చింది."

"ఎడంగానా? ఎటు ఎడంగా?"

"గీత కనబడుతోందిగా, మీ కుడిచేతి వైపు. పైగా ఇదివరకు నిలకడగా వెలిగేది. నిన్న కన్నుకొట్టినట్టు ఆరుతూ వెలుగుతూ పోయింది."

ఆయన గబగబా పాత గీత నుంచి ఆ గీతదాకా జానతో కొలిచాడు, మళ్లీ కొలిచాడు.

"గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ వాలకం," అంది టీచరు. "లేనిది ఎటు పోతే మీకేం?"

ఆయన గబగబా కిందికెళ్లాడు. కారులోంచి పొడుగాటి పెట్టె ఒకటి మోసుకొచ్చి ఆవిడ కాళ్ల దగ్గర దించాడు. ఆవిడ టెలిస్కోపే. పోలీసులు అంటించిన కాగితం ఇంకా దానికే ఉంది.

తమ్ముడి మొహం వికసించింది. "మనది మనకిచ్చేస్తున్నారక్కా. పుచ్చుకో. సోమవారం వెళ్లకు, గొడవ వదిలిపోతుంది."

"లంచంగా ఇస్తే నాదైనా నాకొద్దు," అంది టీచరు. "పట్టుకుపొండి. సోమవారం చూసింది చూసినట్టు చెప్తాను."

"చెప్పండి. ఎవరు కాదన్నారు?" అన్నాడాయన. "ఇవాళ మాత్రం దీంతో చూడండి. అదెటు పోతోందో నాకొక్క ముక్క చెప్పండి. దండం పెడతాను."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. అబద్ధమాడే పిల్లాడి చూపు ఎక్కడుంటుందో బళ్లో పాఠం చెప్పినవాళ్లకు తెలుసు. ఈయన చూపు ఆవిడ మీద లేదు, నేల మీద లేదు. ఎదురింటి ట్యాంకు పైన, ఖాళీ ఆకాశంలో వెతుకుతోంది.

"కొండంత యంత్రాలు పెట్టుకున్నారు. ఈ ముసలికళ్లతో మీకేం పని?"

ఫోను మళ్లీ మోగింది. ఆయన ఈసారి తీయకుండా నొక్కేసి జేబులో పడేసుకున్నాడు.

"మొన్నటినుంచి అది మాకే కనబడడం లేదమ్మా."