మెరుపు స్టిక్కర్

"ఆయన మళ్ళా వచ్చాడు," అంది రామతులసి, కిటికీ రెక్క కొంచెం తెరిచి చూస్తూ.

రోడ్డుకు అవతల, అంజమ్మ టీబంకు ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. భుజాన ఎర్ర తువ్వాలు. ఎడమ కనుబొమ్మ మీద తెల్లమచ్చ. ఊళ్ళో వాడు కాదు. పొద్దున్నే బస్సు దిగుతాడు. రామతులసి వాళ్ళ ట్రాలీ బండి వంకే చూస్తాడు.

"చూస్తే చూడనియ్. మన బండి అట్టాంటిది మరి," అన్నాడు ఆమె భర్త త్రికోటేశ్వరరావు.

పాత డీజిల్ బండి. మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, నిండా వేస్తే ఎత్తు ఎక్కలేక మూలిగేది. ఈమధ్యే నరసరావుపేటలో ప్రవీణ్ అనే మెకానిక్ దానికి చిప్ పెట్టాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా, అంతే. అది పెట్టినప్పట్నుంచీ ఇంజన్‌కి డీజిల్ ఎక్కువ పోతోంది, బండి చానా జోరుగా లాగుతోంది. తను చిప్ పెట్టిన ప్రతి బండికీ ప్రవీణ్ అద్దం మూల పసుప్పచ్చ మెరుపు స్టిక్కర్ అంటిస్తాడు.

స్టార్ట్ చేయగానే నల్లటి పొగ వాకిలంతా కమ్మింది. ఆరేసిన బట్టల మీద మసి.

ముసలాయన అటే చూస్తున్నాడు.

రామతులసి కిటికీ రెక్క మూసేసింది. భర్త బండెక్కితే, తిరిగొచ్చేదాకా ఆమె ప్రాణం ఫోన్లోనే ఉంటుంది. ఇప్పుడు ఈ కళ్ళొకటి!

నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు దండ గుచ్చి బంపర్‌కి కట్టింది. చాలదనిపించింది.

మంగళవారం పొద్దున, భర్త స్నానానికి వెళ్ళినప్పుడు, గుప్పెట్లో ఉప్పు పట్టుకుని బండికి దిష్టి తీస్తోంది. ముసలాయన రోడ్డు దాటి వచ్చాడు.

"అమ్మాయ్, ఆ చిప్ తీసేయించమ్మా."

"నీకెందుకు పెద్దాయనా? మేం బాగుంటే చూడలేవా?"

"పాత ఇంజన్ తట్టుకోదు తల్లీ. ఎప్పుడో ఒకప్పుడు దాని ఆయిలు అదే తాగి పరిగెడుద్ది. తాళం తిప్పేసినా ఆగదు. అప్పుడు టాప్ గేరేసి, బ్రేకు మీద నిలబడి, క్లచ్ వదిలెయ్యమను. ఇంజన్ని ఆపటానికి ఇంకో దారి లేదు."

"బండి ముందు నిలబడి ఏం మాటలయ్యా అవి! అసలు నువ్వెవరు? ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరైతే ఏందిలేమ్మా." తల దించుకున్నాడు. "పెట్టినోడు చెడ్డోడు కాదు. చెబితే వినడు, అంతే."

రామతులసి చేతిలోని ఉప్పు ఆయన కాళ్ళ మీదికి విసిరికొట్టింది.

"నీ దిష్టి నీతోనే పోవాలి! మళ్ళా ఈ వాకిలి తొక్కావంటే ఊరుకోను."

ఆయన ఉప్పు దులుపుకోలేదు. అట్లాగే వెళ్ళిపోయాడు.

"ఏమన్నాడే ఆ ముసలోడు?" తల తుడుచుకుంటూ వచ్చాడు త్రికోటేశ్వరరావు.

"ఏం లేదు."

అట్టాంటి మాట మళ్ళీ నోటితో అంటే నిజమైపోతుందని ఆమె భయం. మింగేసింది.

ముసలాయన ఆ తర్వాత కనపడలేదు. ఆయన మాట మాత్రం పోలేదు. అన్నం వారుస్తుంటే వినపడేది, దుప్పటి మడతపెడుతుంటే వినపడేది. తాళం తిప్పేసినా ఆగదు.

ఇక ఉండబట్టలేక ఒకరోజు తనూ బండెక్కి కూర్చుంది.

"సత్తెనపల్లిలో మా చెల్లెల్ని చూసొస్తా."

"చెల్లెల్నా, నన్నా?" నవ్వాడు భర్త.

టిక్కీల లోడుతో బండి ఎత్తు ఎక్కింది. వాలులోకి దిగుతుండగా ఇంజన్ ఉన్నట్టుండి అరిచింది.

"ఏందిది!" త్రికోటేశ్వరరావు యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. అరుపు తగ్గలేదు. పెరిగింది. వెనక రోడ్డంతా తెల్లటి పొగ.

తాళం తిప్పేశాడు.

ఆగలేదు.

ముందు ఒక ఆటో పోతోంది. మిరపకోతకి పోయే ఆడవాళ్ళు వెనక కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. ఒకామె ఈ బండిని చూసి, సరదాకి తరుముతున్నారనుకుని నవ్వుతోంది.

"ఏమయ్యా! టాప్ గేరెయ్!"

"పిచ్చా నీకు? ఇంకా స్పీడా?"

"టాప్ గేరేసి బ్రేకు మీద నిలబడు! నిలబడి క్లచ్ వదిలెయ్! నా మాట వినయ్యా!"

విన్నాడు.

బండి నిలువెల్లా వణికింది. ఒక్క కుదుపు కుదిపి, ఇంజన్ చచ్చిపోయింది.

ఆటో మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"నీకెట్టా తెలుసే?" అన్నాడు స్టీరింగ్ వదిలి.

"ఆ పెద్దాయన చెప్పాడయ్యా. నేను ఉప్పు విసిరికొట్టా." అప్పటికిగానీ ఆమెకు ఏడుపు రాలేదు.

ఇంటికి రాగానే అంజమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"ఏ ఊరో తెలీదమ్మాయ్," అంది అంజమ్మ. "ఆరోజు పోసిన టీ కూడా తాగలా. అట్టాగే బస్సెక్కాడు."

మర్నాడు బండికి తాడు కట్టి నరసరావుపేట లాక్కెళ్ళారు. ప్రవీణ్‌ని ఏమేం తిట్టాలో త్రికోటేశ్వరరావు దారంతా కూడబెట్టుకున్నాడు.

షెడ్డు ముందు మెరుపు స్టిక్కర్ల బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి.

ప్రవీణ్ బయటికొచ్చాడు. గుండు. గడ్డం కూడా లేదు. వస్తూనే గోరుతో వాళ్ళ అద్దం మీది స్టిక్కర్ గీకటం మొదలుపెట్టాడు.

"మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నా అన్నా. అందర్నీ పిలిచి బండ్లకి పెట్టిన చిప్‌లు తీసేస్తున్నా. మీ ఇంజన్ కూడా నేనే బాగుచేసిస్తా."

"ఇప్పుడొచ్చిందా బుద్ధి? ఎవరూ చెప్పలేదా నీకు?"

"చెప్పారన్నా," అన్నాడు ప్రవీణ్. స్టిక్కర్ గీకుతూనే ఉన్నాడు.

రామతులసి షెడ్డు లోపలికి చూసింది. పానాలు తగిలించిన గోడ మీద కొత్త ఫొటో. బంతిపూల దండ. భుజాన ఎర్ర తువ్వాలు, ఎడమ కనుబొమ్మ మీద తెల్లమచ్చ.

ఆమె చూపు అక్కడే ఆగిపోవటం గమనించి, స్టిక్కర్ గీకుతున్న చెయ్యి ఆపి ప్రవీణ్ మెల్లగా అడిగాడు.

"మా నాన్న మీ ఊరు కూడా వచ్చాడా అక్కా?"