ఆట లేని రోజు

...పైగా ఇది జనవరి. జనవరిలో ఆట ఉండదు. ఆటే లేనప్పుడు ఓడిపోవడం ఎలా కుదురుతుంది? కుదరదు. పొద్దుటి నుంచీ ఎమెట్ ఈ మాటనే మనసులో తిప్పుతున్నాడు.

బయట మంచు. లోపల బేస్‌బాల్ అభిమానుల పండగ. ఆవముద్ద పూసిన సాసేజిల వాసన, టోపీలు, కేకలు. ఒక మూల జనం ఎవరికి వారే మైకు ముందు కూర్చుని తెర మీద పాత ఆటకు వ్యాఖ్యానం చెబుతున్నారు. ఇంకో మూల వలలోకి బంతి విసిరితే దాని వేగం బోర్డు మీద వెలుగుతోంది. ఎమెట్‌కు అవేవీ పట్టలేదు. జట్టులో బంతి విసిరే పిచర్ హోల్కమ్ సంతకాలు చేస్తున్న బల్ల వైపు సాగే వరసలో నిలబడ్డాడు. వసంతం రాగానే హోల్కమ్ జపాన్ జట్టుకు వెళ్లిపోతున్నాడు. అతనికి ఒక్క మాట చెప్పాలి. ఈరోజు చెప్పకపోతే ఇక చెప్పేది లేదు.

వరస, బంతులు విసిరే వల పక్కగా సాగింది. ముందు నిలబడ్డ డోరీన్ అనే పెద్దావిడ ఊరికే ఉండలేక ఒక బంతి తీసి అతని చేతిలో పెట్టింది. వద్దన్నాడు. వినలేదు. విసిరాడు. ఎడమ మోకాలు ఛాతీ దాకా లేచి, క్షణం ఆగింది. చెయ్యి కొరడాలా తిరిగింది.

"అచ్చం హోల్కమే," అంది డోరీన్. "అద్దం ముందు ఎన్నాళ్లు కసరత్తు చేశావయ్యా?"

వెనకవాళ్లు నవ్వారు. ఎమెట్ భుజం తడుముకున్నాడు.

ఆవిడ నోటికి ఆనకట్ట లేదు. జట్టు గెలుస్తున్నన్నాళ్లూ, అదృష్టం పోతుందని మేజోళ్లు ఉతకదట. ఆ వారాల్లో మొగుడు వేరే గదిలో పడుకుంటాడట. హోల్కమ్‌ను ఎప్పటి నుంచి చూస్తున్నావని అడిగింది. అతను చిన్నపిల్లల జట్టులో ఆడిన రోజుల నుంచీ అన్నాడు ఎమెట్. పెద్ద జట్టులోకి వచ్చాక మొదటి ఏడాదే కొన్ని ఆటలు చూశాననీ, తర్వాత స్టేడియం గడప తొక్కలేదనీ చెప్పాడు.

"పిల్లల ఆటలు చూసి అసలాటలు మానేశావా? పిచ్చా నీకు?"

"నేనొచ్చిన ప్రతిసారీ అతను ఓడిపోయాడు."

డోరీన్ నవ్వలేదు. ఒక అడుగు దూరం జరిగింది.

"అంటే నీది ఐరన్ లెగ్గా?"

అదే. మొదట స్టేడియం మానేశాడు. టీవీలో చూసిన రోజున హోల్కమ్ మోచెయ్యి పట్టేసింది. టీవీ అమ్మేశాడు. డోరీన్‌కు ఇంతవరకే చెప్పాడు. తర్వాత రేడియో కట్టేశాడు. ఆ తర్వాత, ఆట ఉన్న రోజుల్లో ఫోన్ మోగినా ఎత్తడం మానేశాడు. ఎత్తితే తన గొంతు కూడా కీడు చేస్తుందేమోనని భయం. కొన్నాళ్లకు ఫోన్ మోగడమే మానేసింది. అటు హోల్కమ్ గెలుస్తూ పోయాడు. అతను గెలిచిన కొద్దీ తన అనుమానమే నిజమని ఎమెట్‌కు రూఢి అయ్యింది. సంతోషమూ అదే, శిక్షా అదే. ఇదంతా హోల్కమ్‌కు ఎవరు చెబుతారు?

బల్ల దగ్గరపడుతుండగా కాపలా మనిషి తాడు తెచ్చి డోరీన్‌కూ ఎమెట్‌కూ మధ్య కట్టాడు. వేళ అయిపోయింది, ఈవిడే ఆఖరు అన్నాడు.

ఎమెట్ తాడు పట్టుకున్నాడు. ఒక్క నిమిషం చాలన్నాడు. సంతకం కూడా అక్కర్లేదన్నాడు. అందరూ అదే అంటారు తాతా, అన్నాడు కాపలా మనిషి మెత్తగానే. ఎమెట్ చేతులు తాడును వదల్లేదు. తనకే సిగ్గు వేసేటట్టు బతిమాలాడు. ఆ ఏడుపుగొంతు ఎవరిదో అన్నట్టుగా విన్నాడు.

డోరీన్ వెనక్కి తిరిగింది.

"నిజంగా టీవీ అమ్మేశావా? అతనికోసం?"

తలూపాడు.

"నేను మేజోళ్ల దగ్గరే ఆగిపోయాను," అంటూ ఆవిడ తాడు పైకెత్తింది. "నా వంతు నువ్వెళ్లు. కానీ అతను బంతి విసిరే కుడిచెయ్యి ముట్టుకున్నావో, ఊరుకోను."

హోల్కమ్ తల వంచుకుని ఉన్నాడు. సిరాతో వేళ్లు నల్లబడ్డాయి. నడినెత్తిన జుట్టు పలచబడుతోంది. ఆ పలచబడ్డ జుట్టు చూసేసరికి ఎమెట్ కూడగట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. వెళ్లిపోవచ్చు. ఇప్పటికీ మించిపోయింది లేదు. తను వెళ్లిపోతే అతను జపాన్‌లోనూ గెలుస్తాడు.

హోల్కమ్ తల ఎత్తకుండానే ఒక ఫోటో ముందుకు లాక్కుని కలం మూత తీశాడు.

"ఎవరికని రాయమంటారు సార్?"

ఎమెట్ టోపీ తీసి, ఆ ఫోటో పక్కన పెట్టాడు.

"మీ నాన్నకని రాయరా."