కుడివైపు గోడ

"కుడి స్పీకర్ చచ్చిపోయింది" అన్నాడు తిహొమీర్, కుర్చీలోంచి లేవకుండానే.

గోడ వారన నిలబడ్డ మగవాళ్లంతా తలలు దించుకున్నారు, శవం దగ్గర దించుకున్నట్టు. స్పీకర్లు కొన్న గోయ్కో మొహంలో నెత్తుటి చుక్క లేదు.

మనిషెత్తు స్పీకర్లవి. ఇటలీలో ఎవరో ముసలాయన వాల్‌నట్ చెక్కతో తన చేత్తో చేసినవి. సొంబోర్ ఊరి శ్రోతల సంఘంలో ప్రతివాడికీ కలలోకి వచ్చేవి. గోయ్కోకి మాత్రం ఇంటికే వచ్చాయి. అతని భార్య దెసాంకాకి పుట్టింటివాళ్లిచ్చిన ప్లమ్ తోట వాటి కిందే పోయింది.

సంఘమంటే పనిలేని మగవాళ్లు. వాళ్లకి పాట అక్కర్లేదు. స్తేవాన్‌కి గుండెలదిరే మోత కావాలి. మిర్కోకి వయొలిన్ వాయించేవాడి గోళ్లు తీగకి తగిలిన చప్పుడు కావాలి. గోయ్కోకి తిహొమీర్ మెప్పు కావాలి.

తిహొమీర్ బెల్‌గ్రేడ్ పత్రికలో స్పీకర్ల మీద తీర్పులు రాస్తాడు. ఎవరింటికి కొత్తవి వచ్చినా ఆయన్ని పిలవాల్సిందే. గది మధ్య ఒకటే కుర్చీ వేస్తారు. ఆయన కూర్చుంటాడు, మిగతావాళ్లు నిలబడతారు. ఆయన నోరు విప్పేదాకా ఎవరూ విప్పకూడదు. వినేటప్పుడు ఆయన తల కాస్త కుడికి తిప్పుతాడు. అందుకని సంఘమంతా తల కుడికి తిప్పే వింటుంది. మిర్కోకి మెడ పట్టేసింది కూడా.

ఎక్కడికెళ్లినా భార్య రూజా ఆయన ఎడమ పక్కనే ఉంటుంది. ఆ జంటను చూసి ఊరి ఆడవాళ్లు ముచ్చటపడతారు.

గోయ్కో ఆ వారమే ఎవరికీ చెప్పకుండా కుడిదాన్ని ఎడమకీ, ఎడమదాన్ని కుడికీ జరిపాడు. మళ్లీ కబురు పెట్టాడు.

"మళ్లీ కుడిదేనయ్యా. బాగు చేయించలేదా?" అన్నాడు తిహొమీర్.

గోయ్కో ఒప్పేసుకున్నాడు. "అటుదిటు, ఇటుదటు మార్చానండీ."

అందరికీ ఒకేసారి వెలిగింది. తప్పు స్పీకర్ది కాదు. కుడివైపు గోడది.

"మా ఇంట్లోనూ ఇదే గోల" అన్నాడు స్తేవాన్. "కుడి గోడకున్న కిటికీ ఇటుకలతో మూయించా. కాస్త మెరుగన్నారు సారు. మా ఆవిడ పట్టపగలు దీపమేసుకుని తిరుగుతోందనుకో."

మెరుగన్న మాట వాళ్లకి చాలు.

ఆ గోడకి అవతల దెసాంకా కుట్టుగది. ఊళ్లో పెళ్లికూతుళ్ల గౌన్లు ఆవిడే కుడుతుంది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ మిషను మీదే.

"మిషను నడవాలో వేసుకోవే" అన్నాడు గోయ్కో. "గాలి బాగా వస్తుంది."

"ఆ గాలేదో నీ చెక్కపెట్టెలకి తగలనియ్యి. తోట మింగావు. ఇక నా కూడు కూడా మింగుతావా?"

"ఆయనవి మామూలు చెవులు కావే! ఈ దేశం మొత్తంలో అలాంటి మనిషి లేడు."

"ఉన్నవాడొక్కడూ మన కొంపకే తగలాలా?"

గోయ్కో గోడ కూల్పించేశాడు. సున్నం దుమ్ము సగం కుట్టిన తెల్ల గౌను మీద కూర్చుంది. పెళ్లికూతురి తల్లి వచ్చి, గౌను దులిపి, దెసాంకా మొహం కూడా చూడకుండా పట్టుకుపోయింది. ఆ తర్వాత మరో గౌను రాలేదు.

మూడోసారి తిహొమీర్ చాలాసేపు విన్నాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. నిట్టూర్చాడు.

"గోయ్కో, గోడ కాదయ్యా. నీ ఇల్లే తప్పు. వేరే ఇల్లు చూసుకో."

ఎవరూ నవ్వలేదు. "మా వీధిలో ఒకటి అమ్మకానికుంది" అన్నాడు స్తేవాన్ వెంటనే. గోయ్కో బుద్ధిగా తలూపాడు.

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ దెసాంకా అంతా వింది.

భోజనాల దగ్గర బల్ల మొదట్లో తిహొమీర్, ఎడమ పక్కన రూజా, కుడి పక్కన గోయ్కో కూర్చున్నారు. మగవాళ్లంతా కొత్త ఇంటి గదుల కొలతల గురించి గోలగా మాట్లాడుతున్నారు. దెసాంకా సూపు గిన్నెతో తిహొమీర్ కుడి భుజం మీదికి వంగింది. నవ్వు మొహం పెట్టుకునే, చెవి పక్కన మెల్లగా అంది.

"మెక్కరా దున్నపోతా. ఆడదాని గది కూల్చావు, ఇప్పుడు ఇంటి మీద పడ్డావా? నువ్వు చస్తే నీ పాడెకి ఈ రెండు పెట్టెలూ కట్టించి పంపిస్తా. కుడిది చచ్చిందో బతికిందో పోతూ పోతూ చెప్పు."

గోయ్కో చేతిలో చెంచా సూపులో పడింది. అతని పక్కనున్న స్తేవాన్ బిగుసుకుపోయాడు.

తిహొమీర్ సూపు ఊదుకుని తాగాడు. "రూజా, ఇంత మంచి సూపు తాగి ఎన్నాళ్లయిందో!" అన్నాడు భార్య వైపు తిరిగి.

"చూశావా సంస్కారం?" అన్నాడు స్తేవాన్ గోయ్కోతో గుసగుసగా. "మనమైతే బల్ల తిరగేసేవాళ్లం. మహానుభావుడు!"

గోయ్కో కళ్లు తుడుచుకున్నాడు. రేపే ఆ ఇల్లు చూసొస్తానన్నాడు.

వంటింట్లో రూజా కూడా ప్లేట్లు కడగడానికి చెయ్యి వేసింది. దెసాంకా కోపం ఇంకా చల్లారలేదు.

"మీ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టానమ్మా. నువ్వు విన్నా నాకేం భయం లేదు. ఉలకడు, పలకడు. మనిషా, బండరాయా?"

రూజా తడి ప్లేటు తుడుస్తూ, తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఈసారి తిట్టాలనిపిస్తే నేను కూర్చునే వైపు వచ్చి తిట్టు తల్లీ, ఆయనకి ఆ కుడి చెవి చిన్నప్పుడు గవదబిళ్లలొచ్చినప్పుడే పోయింది."