నాలుగడుగుల ఎడం

"గ్లాసు చేతికిచ్చినవ్. ఇంకేముంది, నీగ్గూడ అంటుకున్నట్టే," అంది డాక్టరమ్మ.

స్వరూప నాలుక కరుచుకుంది. రోగిని ముట్టకుండా చూసుకునే మూడు రోజుల ట్రైనింగ్‌లో ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకున్న పిల్ల ఆమె. చర్చి వసారాలో చాప మీద రోగి వేషం వేసిన పెంటయ్య మాత్రం, ఇదేమీ పట్టనట్టు ఆ నీళ్లు గటగటా తాగేశాడు.

పాస్టర్ దేవరాజుకు చెమటలు పట్టాయి. అమరచింత దగ్గరి ఆ ఊళ్లో స్వైన్ ఫ్లూ మాట వినపడ్డప్పటినుంచి ఎవరికీ కంటిమీద కునుకు లేదు. పుణె నిండా ఆ జ్వరమేనట. పుణెలో మట్టిపనికి పోయిన ఊరివాళ్లు పంతొమ్మిది మంది లారీలో తిరిగొస్తున్నారు. వాళ్లను పొలిమేర దాటనిచ్చేది లేదని పెద్దలు తీర్మానం చేశారు. వారం రోజులు చర్చిలో పెట్టుకుని మేమే చూసుకుంటామని దేవరాజు బతిమాలితే, "డాక్టరు సంతకం పెడితేనే" అన్నారు.

ఆ లారీలో, వసారా అంచున కూర్చున్న ముసలి తిమ్మమ్మ కొడుకు చిన్నయ్య ఉన్నాడు, కోడలు ఉంది, రెండేళ్ల మనవరాలు ఉంది. గంట కింద ఫోన్ చేశాడు. "రాయచూరు దాటినమే అమ్మా. పాపకు ఒళ్లు కాలుతున్నది. ఊర్లకు రానిస్తరు గదా?"

"రా బిడ్డా," అని పెట్టేసింది తిమ్మమ్మ. రానిస్తారో లేదో ఆమెకేం తెలుసు?

డాక్టరమ్మ జీపు దిగినప్పుడు మొదట ఎదురుపోయింది ఆమే. "ఏ ఊరు బిడ్డా మీది?"

"పక్కూరే. మేడింటోళ్ల పిల్లను. చిన్నప్పుడే హైదరాబాద్ హాస్టల్‌ల వేసిండ్రు, ఇక్కడెవరూ నాకు తెల్వరు."

"ఎరుకే," అని తిమ్మమ్మ వెనక్కి జరిగింది.

దేవరాజు ప్రాణం లేచొచ్చింది. తిమ్మమ్మ చెవిలో ఊదాడు. "ఎరుకున్నోళ్లయితే జర చెప్పరాదు, పెద్దమ్మా?"

"చెప్త. ఇప్పుడు గాదు."

ఆ 'ఇప్పుడు' ఎప్పుడొస్తుందో దేవరాజుకు అర్థం కాలేదు. స్వరూప తప్పింది. తర్వాత వచ్చినతను పెంటయ్య నుదుటి మీద చెయ్యి వేసి మరీ తప్పాడు. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టేసింది.

"చూడండి పాస్టర్‌గారూ, మీ మనసు మంచిదే. కాని మనసుతోని జ్వరం ఆగదు. ఒక్కరన్న ముట్టకుండ అన్నం పెట్టలేకపోతే పిల్లాపెద్దా అందరికీ అంటిస్తరు. నేను సంతకం పెట్టలేను."

"అన్నం నేను పెడ్త," అంది తిమ్మమ్మ.

దేవరాజు గుండె జారిపోయింది. తిమ్మమ్మ ట్రైనింగ్‌కు ఒక్కరోజు కూడా రాలేదు. మూడు రోజులూ వేరుశనగ చేనులో కలుపు తీసింది. అక్షరం ముక్క రాదు.

"సరే, ఆఖరి సారి. కానియ్యి," అంది డాక్టరమ్మ.

తిమ్మమ్మ తిన్నగా వెళ్లి చాప పక్కన చతికిలబడింది.

"అటు కాదు తల్లీ, అది రోగి జాగ. నువ్వు పెట్టేదానివి."

"ఓ, పెట్టేదాన్నా!" తిమ్మమ్మ లేచి ఇటు వచ్చింది. స్వరూప ఫక్కున నవ్వింది. దేవరాజు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.

కళ్లు తెరిచేసరికి తిమ్మమ్మ కొంగు మూతికి అడ్డం కట్టుకుంది. పళ్లెం నేల మీద పెట్టి, లెక్కపెట్టినట్టు నాలుగడుగులు వెనక్కి వేసింది. ఎండ వైపు ఒకసారి చూసి, ఇంకాస్త పక్కకు జరిగింది.

"అదెందుకు?"

"నీడ పళ్లెం మీద పడ్తది."

"నీడకేం కాదులే," అని నవ్వింది డాక్టరమ్మ.

"మంచిది," అంది తిమ్మమ్మ. "పెంటయ్యా, ఇగ రా. తీసుకపో. నీళ్లకు దోసిలి పట్టు. గట్ల గాదురా, మోచేతులు దగ్గరికి. వంగు. నోరు దోసిట్ల పెట్టు."

చెంబు ఎత్తి పైనుంచి పోసింది. సన్నటి ధార. చెంబు అతని వేళ్లకు తగల్లేదు, ఒక్క చుక్క కింద చిందలేదు. అతను తాగడం ఆపిన క్షణానికే ధారా ఆగింది.

"పళ్లెం ఎవరిది వాళ్లే కడుక్కోవాలె. కడిగి బయట చూరుల చెక్కాలె, లోపటి గిన్నెలల్ల కలుపొద్దు. వాళ్లు లేచిపోయినంక కూసున్న జాగల నీళ్లు చల్లాలె." గడగడా చెప్పుకుపోయింది.

డాక్టరమ్మ నోరు తెరుచుకుని చూసింది. బ్యాగులోంచి కాగితం తీసి, అక్కడికక్కడే సంతకం పెట్టి ముద్ర కొట్టింది. సరిగ్గా అప్పుడే రోడ్డు మలుపులో లారీ హారన్ వినపడింది. దేవరాజుకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇదిగో, తీసుకో," అని డాక్టరమ్మ కాగితం చాచింది.

"ఆడ పెట్టుండ్రి, తీసుకుంట."

గట్టు మీద పెట్టిన కాగితం తీసి మడిచి, తిమ్మమ్మ దాన్ని రవికెలో దోపుకుంది. తర్వాతే మూతికి కట్టిన కొంగు విప్పింది.

"మా నర్సులకు గూడ ఇంత బాగ రాదు. వాళ్లకు నీతోనే చెప్పిస్త," అంది డాక్టరమ్మ సంబరంగా. "ఇంతకూ నీకు ట్రైనింగ్ ఎక్కడైంది, అవ్వా?"

"మీ ఇంటి గడప బయటనే, దొరసానీ."