లొట్టకాయ

తిప్పమ్మకు ఏడాదిగా తలనొప్పి. గుంతకల్లు డాక్టరు స్కానింగు తీయించి, ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మొగుడు సుబ్బన్నను లోపలికి పిలిచి చెప్పాడు. నుదుటి దగ్గర పుర్రె ఎముక లోపలివైపు మందమవుతోందట, వయసు మళ్ళిన ఆడవాళ్ళకు అది మామూలేనట.

"తల నాది. చెప్పేది నీకా?" ఆ రాత్రి చేనులో అడవిపందులకు కాపలా ఉంటూ, పీకిన శనక్కాయ కుప్ప పక్కన కూర్చుని అడిగిందామె.

"మామూలే అన్నాడు గదా. పడుకో." సుబ్బన్న దుప్పటి ముసుగేసుకున్నాడు.

తిప్పమ్మకు ఒళ్ళు మండింది. పెళ్ళయినప్పటి నుంచి బిందెలూ కట్టెమోపులూ మోసింది ఈ తలే. మగవాడి పుర్రె ఇట్లా అయితే మామూలే అని పంపించేవాళ్ళా?

ఆ కోపంలోనే ఒక కాయ తెంపి, అలవాటుగా చెవి దగ్గర ఆడించింది. గింజ ఎండితే కాయ గలగలమంటుంది. ఇదీ మోగింది. చిదిమి చూస్తే లోపల గింజ లేదు, ఉత్త లొట్ట. ఇంకోటి ఆడించింది. అదీ మోగింది. అదీ లొట్టే.

గాలి ఆగిపోయింది. చేనంతటా ఎక్కడా సద్దు లేదు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తలను మెల్లగా పక్కకు తిప్పింది.

గలగలమంది.

సుబ్బన్న ముసుగులోంచే విసుక్కున్నాడు. "ఎంతసేపు ఆడిస్తావే ఆ కాయలు? ఏమా చప్పుడు?"

ఖాళీ చేతులు చూసుకుందామని తిప్పమ్మ తల వంచింది. మళ్ళీ మోగింది.

"మామూలే," అందామె. "పడుకో."