ఊపిరి గొట్టం

మోత్కూర్ రోడ్డు షెడ్డులో మెకానిక్ నరహరికి ఓపిక నశించింది. గాలిని బలంగా నెట్టే సూపర్‌చార్జర్ బిగించిన ఆ పాత కారులో, ఇంజన్‌కు గాలి పోయే దారిలోకి ఆయిల్ వస్తూనే ఉంది. ఆ ఆయిల్‌ను పట్టడానికి ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే ఊపిరి గొట్టానికి ఓ డబ్బా తగిలించాడు. పొద్దున ఖాళీ చేస్తే రాత్రికి డబ్బా నిండుతోంది. కానీ కారు చివరిసారి స్టార్ట్ చేసి మూడు రోజులైంది. విప్పిన బ్యాటరీ బల్ల మీదే ఉంది. గేజ్ కడ్డీ తీసి చూస్తే, ఇంజన్‌లో చుక్క ఆయిల్ కూడా తగ్గలేదు.

"అన్నం సల్లగైతాంది. ఇంకెంతసేపు?" అంది రాత్రి అన్నం తెచ్చిన భార్య మంజుల.

"నా పానం తింటాంది గీ దరిద్రపు బండి! పొద్దుగాల్ల ఓనరొచ్చి నా మీద పడ్తడు."

డబ్బా పీకేసి గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. వెచ్చటి గాలి తగిలింది. ఆగింది. మళ్లీ తగిలింది.

కోపం నషాళానికి అంటింది. తను చేతులు తుడుచుకోవడానికి మంజుల మగ్గం దగ్గర్నుంచి తెచ్చిన నూలు చిక్కును గొట్టంలో కుక్కాడు.

"గిప్పుడు తియ్యి ఊపిరి!"

కాసేపటికి బయట వేలాడుతున్న పోగు లోపలికి పోసాగింది. మగ్గం కండెకు నూలు చుట్టినట్టు, ఒకే వేగంతో.

"ఏందయ్యా అది?" మంజుల ఓ అడుగు వెనక్కి వేసింది.

"జర సప్పుడు చెయ్యకు." నరహరి విసుక్కుంటూ పోగు కొసను వేలికి రెండు చుట్లు చుట్టి లాగాడు.

పోగు ఆగింది. తర్వాత వేలి చుట్టూ బిగిసింది.

"తెంపెయ్యి!" అని అరిచింది మంజుల.

"గంజి పెట్టిన నూలు... తెగుతలేదే."

మూడు రోజుల్లో మొదటిసారి అతని గొంతులో విసుగు లేదు.